కొండ గొరిల్లాల వైద్యుడు

జింక కోసం పన్నిన ఉచ్చుకు జింక, గొరిల్లా అనే భేదం తెలియదు. తీగ మణికట్టుకు బిగుసుకుంటుంది. గొరిల్లా తన బలమంతా పెట్టి గుంజి కొయ్యను పెరుకుతుంది గాని, తీగ చేతికే ఉండిపోయి క్రమంగా మాంసంలోకి దిగుతుంది. తరువాత చీము, ఆ తరువాత తరచు మరణం. రువాండా, ఉగాండా, కాంగో దేశాలు కలిసేచోట ఉన్న విరుంగా అగ్నిపర్వతాలపై 1981 నాటి లెక్కకు మిగిలిన కొండ గొరిల్లాలు సుమారు 250. వాటికి ఒక్క పశువైద్యుడైనా లేడు.

అక్కడ 1967 నుంచి గొరిల్లాలను పరిశీలిస్తూ వచ్చిన అమెరికన్ వనిత డయాన్ ఫాసీకి చందాలు అడగడం కొత్త కాదు. ఆమెకు మిక్కిలి చేరువైన డిజిట్ అనే మగ గొరిల్లాను 1977 డిసెంబరు 31న వేటగాళ్లు చంపి, తలను, చేతులను నరికి తీసుకుపోయారు. మరుసటి ఏడు దాని పేరిటనే ఆమె ఒక నిధిని నెలకొల్పింది. ఆ సొమ్ము కాపలాకు, ఉచ్చులు ఏరివేయడానికి వినియోగమయింది. వైద్యుని కోసం ఆమె అర్థించినది మరొకరిని: రూత్ కీస్లింగ్‌ను.

కీస్లింగ్ తండ్రి మార్క్ మారిస్ పశువైద్యుడు. అంధుడైన యజమానికి దారి చూపే ఒక కుక్కకు మూత్రపిండాలు చెడగా, దానికోసం ప్రత్యేకాహారం తయారుచేశాడు. ఆ ఆహారం డబ్బాలలో అమ్ముడుపోసాగింది. తనకు వచ్చే రాయల్టీతో 1948లో జంతువుల ఆరోగ్యం కోసం ఒక ధర్మసంస్థను స్థాపించాడు. కుక్క తిండి డబ్బాపై వచ్చిన సొమ్ము ఆఫ్రికా అడవిదాకా పోతుందని ఆయన మాత్రం అనుకొని ఉండడు! కీస్లింగ్ మాట ఇచ్చింది. కాని వైద్యుడు రాకముందే, 1985 డిసెంబరులో, ఫాసీ తన కుటీరంలోనే హత్యకు గురయింది. అడిగినవారే లేనప్పుడు మాట మరుగున పడిపోవడం సులువు. అయినా 1986లో డాక్టరు జేమ్స్ ఫాస్టర్ రువాండా చేరాడు.

ఇక్కడ రోగిని ఆసుపత్రికి తేలేరు. వైద్యుడే మందుల పెట్టెతో బురదలో, దురద మొక్కల నడుమ గంటల తరబడి ఎక్కిపోవాలి. మత్తుసూదిని దూరంనుంచే వదలాలి. నడుము వెండిరంగు తేరిన పెద్ద మగగొరిల్లాను సహాయకులు అడ్డుకొంటూ ఉండగా, తీగ కోసి, గాయం కడిగి, రోగికి తెలివి వచ్చేలోగా తప్పుకోవాలి. వయసు మీరి వచ్చే జబ్బులలో వైద్యుడు చేయి పెట్టడు. మనిషివల్ల కలిగిన హానికి, ప్రాణం మీదికి వచ్చినప్పుడు మాత్రమే చికిత్స. 1988లో శ్వాసరోగం ప్రబలి ఆరు గొరిల్లాలు మరణించాయి. అది తట్టు అని అనుమానించి, 60కి పైగా గొరిల్లాలకు దూరంనుంచే సూదులు వదిలి టీకా వేశారు. మనుషుల జలుబు కూడా వీటికి ప్రాణాంతకం కాగలదు కనుక, నేటి వైద్యులు ముఖానికి మాస్కు కట్టుకొనే దగ్గరకు పోతారు.

'గొరిల్లా డాక్టర్స్' పేరిట ఆ పని దాతల సహాయంతో నేటికీ సాగుతున్నది. విరుంగాలో గొరిల్లాలు 604 అని 2018లో ప్రకటించారు. లెక్క తీయడానికి తిరిగిన బృందాలు ఆ అడవిలో 380కి పైగా ఉచ్చులను కనుగొని తొలగించాయి. ఒకదానిలో చనిపోయిన గొరిల్లా ఉన్నది.