అప్పిచ్చిన బ్యాంకుతో అవస్థ చెప్పుకొనుట అవమానమా?

మన బెళ్ళందూరు తెలుగు కుటుంబములలో ఒక దురాచారము బలపడియున్నది. కంతు కట్టుటకు చేతిలో రొక్కము లేనపుడు ఆ సంగతి బావమరదికి తెలియును, చీటీల వానికి తెలియును, కుదువ అంగడి సేటుకు తెలియును. అప్పిచ్చిన బ్యాంకుకు మాత్రము నోటీసు పంపు దినము వరకు తెలియదు. దీనిని మనవారు పరువు అనుచున్నారు. మేము మూర్ఖత అనుచున్నాము.

2020వ సంవత్సరమును జ్ఞప్తికి తెచ్చుకొనుడు. చెరువు నీటితో వరియు కూరగాయలును పండించిన భూములు పోగా మిగిలిన స్థలములలో మనవారనేకులు అప్పు చేసి అద్దె యిండ్లును, పి.జి. వసతిగృహములును కట్టియుండిరి. ఆ మార్చిలో ఔటర్ రింగు రోడ్డు కంపెనీలు ఉద్యోగులను ఇంటినుండియే పనిచేయుడనగా గదులు ఖాళీపడెను. అద్దె ఆగెను, కంతు ఆగలేదు. రిజర్వు బ్యాంకు మార్చి 27న మూడు నెలలు కంతులు నిలుపుటకు అనుమతించి, మే 22న మరి మూడు నెలలు పొడిగించెను. ఆగష్టు 6న ఒకసారి, 2021 మే 5న మరియొకసారి, బాకీ గడువు పెంచి కంతు తగ్గించుటకు త్రోవ చూపెను. అడిగినవారికి ఆ త్రోవ తెరచుకొనెను. పరువుగలవారు ఇంటనే కూర్చుండిరి.

ఇది దానమని మేము చెప్పము. 8 శాతము వడ్డీతో 20 లక్షల బాకీ యున్నచో ఆ ఆరు నెలల వడ్డీయే 80 వేల రూపాయలు. 2021 మార్చి 23న సుప్రీంకోర్టు వడ్డీపై వడ్డీని మాత్రమే కొట్టివేసెను. అసలు వడ్డీని మాన్పలేదు. అయినను, నెలకు నూటికి మూడు రూపాయల వడ్డీకి తెచ్చి బ్యాంకు కంతు కట్టిన గృహస్థు లెక్క చూడుడు. సంవత్సరమునకు 36 శాతము! ఎనిమిది శాతపు అప్పును ముప్పదియారు శాతపు అప్పుతో తీర్చుట ఏ వర్తకధర్మము? మన అంగడిలో గుమాస్తా ఇట్టి బేరము చేసినచో ఆ సాయంకాలమే లెక్క తేల్చి పంపివేయమా?

"ఆ దినములలో బ్యాంకు మనవారిది" అని పెద్దలు నిట్టూర్చుదురు. నిజమే. 1930లో బెంగుళూరున పుట్టిన వైశ్యా బ్యాంకు పేరు మారి 2015లో కోటక్ మహీంద్రాలో కలిసిపోయెను. 1923లో పట్టాభి సీతారామయ్యగారు మచిలీపట్టణమున స్థాపించిన ఆంధ్రా బ్యాంకు 2020 ఏప్రిల్ 1న యూనియన్ బ్యాంకులో లీనమయ్యెను. బల్లకు అవతల మన తాతను ఎఱిగినవాడెవడును లేడు. కాని ముఖపరిచయముతో దొరకిన ఉపకారము ఆ ముఖము బదిలీ అయిన దినముననే పోవును. నియమము బదిలీ కాదు. దానికి కావలసినది కాగితము.

కంతు తప్పి 90 దినములు దాటినచో ఆ బాకీ నిరర్థక ఆస్తి యగును. అంతకు ముందే అర్జీ చేరవలెను. సూక్ష్మ, చిన్న, మధ్యతరహా సంస్థలవారు తమంతట తామే కష్టము తెలిపి ఉద్ధరణ కోరుటకు కేంద్ర ప్రభుత్వపు 2015 మే 29 నాటి ప్రకటన వీలు కల్పించినది. ఆ నియమములు బ్యాంకులకు శిరోధార్యములని 2024 ఆగష్టు 1న సుప్రీంకోర్టు చెప్పెను. అయితే తగిన పత్రములతో సకాలమున అడుగు బాధ్యత సంస్థదేననియు, కడవరకు ఊరకుండి ఆస్తి చేజారు వేళ ఆ రక్షణ కోరుట చెల్లదనియు ఆ తీర్పులోనే కలదు. మౌనమునకు ఇంతకన్న పెద్ద జరిమానా ఏమున్నది? గృహరుణములవారును నిరాశ చెందనక్కరలేదు. 2002 నాటి సర్ఫేసీ చట్టము క్రింద బ్యాంకు 60 దినముల నోటీసు ఇయ్యవలెను. మనము వ్రాసిన ఆక్షేపణను త్రోసిపుచ్చినచో 15 దినములలో కారణము తెలుపవలెను. నోట చెప్పిన ఆక్షేపణకు ఈ లెక్క లేదు.

బ్యాంకులవారిని మేము వెనుకవేసుకొని రాము. "పై ఆఫీసు నడుగుడు" అని నోటిమాటతో త్రిప్పిపంపుట వారి విద్య. అందుకే అర్జీ రెండు ప్రతులు వ్రాసి, ఒకదానిపై ముద్రయు తేదీయు వేయించుకొనవలెను. 30 దినములలో బదులు రాకున్నను, వచ్చిన బదులు తృప్తికరము గాకున్నను, రిజర్వు బ్యాంకు అంబుడ్స్‌మన్‌కు రుసుము లేకయే ఫిర్యాదు చేయవచ్చును. కంతు తగ్గింపుమని ఆయన బ్యాంకును శాసింపడు; అది బ్యాంకు వ్యాపార నిర్ణయము. కాని అర్జీకి బదులియ్యకుండుటను, అక్రమ రుసుములను, వసూలు మనుష్యుల ఆగడములను విచారించును. ఆ మనుష్యులు ఉదయము 8కి ముందును, రాత్రి 7 తరువాతను ఫోను చేయరాదని 2022 నుండి స్పష్టమైన ఆజ్ఞ కలదు.

"మన తెలుగు వినువాడు లేడు" అను సాకును మేము అంగీకరింపము. తరతరములుగా సంతలో కన్నడమున బేరమాడినవారికి బ్యాంకులో మాత్రము నోరు రాదా? ఫారములు ఇంగ్లీషు, హిందీలతో పాటు రాష్ట్రభాషలోను ఉండవలెనని రిజర్వు బ్యాంకు నియమమే యున్నది. కన్నడ ఫారము నడిగి తీసికొనుడు.

అర్జీ వ్రాయుటకు తోడు కావలసినవారు అప్పు మంజూరు పత్రము, పాసుపుస్తకము, గత ఆరు నెలల రాబడి లెక్కలు తీసికొని ఆదివారము ఉదయము సంఘ కార్యాలయమునకు రావలెను. ఎవరి పేరును బయట పెట్టము. నోటీసు వచ్చియున్నచో ఆదివారము వరకు ఆగనక్కరలేదు.