ఒళ్లు ఆఫ్, బుర్ర ఆన్

వెంకన్న కొలువైన మా ఉప్మాకలో వర్క్ ఫ్రమ్ హోమ్ నాది. అర్ధరాత్రి లాగౌట్ అయ్యేసరికి ఒళ్లు హూనం. బుర్రలో మాత్రం రేపటి రిలీజ్ తిరుగుతూనే ఉంటుంది. "అంత అలిసిపోయావు కదా, నిద్ర పట్టదేంట్రా?" అంటుంది అమ్మ.

అలసట వేరు, నిద్ర వేరు. మెలకువగా ఉన్నకొద్దీ మెదడులో అడినోసిన్ పేరుకుని నిద్ర ముంచుకొస్తుంది. కానీ టెన్షన్ దాన్ని ఆపేస్తుంది. సాయంత్రం తాగిన కాఫీలో సుమారు సగం కెఫీన్ ఐదు గంటల తర్వాత కూడా ఒంట్లోనే ఉంటుంది.

నిద్ర పట్టకపోతే మంచం మీద దొర్లకండి. లేచి మసక వెలుతురులో కూర్చోండి. కళ్లు మూతలు పడుతుంటేనే మళ్లీ పడుకోండి. 1972లో రిచర్డ్ బూట్జిన్ అనే అమెరికన్ సైకాలజిస్ట్ చెప్పిన ఈ పద్ధతిని ఇప్పటికీ వాడుతున్నారు. నెలల తరబడి ఇదే తంతైతే డాక్టర్‌ని కలవండి.

ఎప్పుడు పడుకున్నా, లేచే టైమ్ మాత్రం మార్చకండి. వెంకన్నకే సుప్రభాతానికి ఒక టైమ్ ఉంది. మనకి ఉండొద్దా?