ఆటల గంటను స్టడీ అవర్లో కలపొద్దు

వార్షికోత్సవం దగ్గర పడగానే మన హాస్టల్లో ఒక యోగా బృందం, ఒక డాన్స్ బృందం తయారవుతాయి. పదిహేను రోజులు ప్రాక్టీసు, ఒక సాయంత్రం చప్పట్లు, మళ్లీ ఏడాది దాకా ఆ ఊసుండదు. మరి రోజూ ఉండే ఆటల గంట సంగతి? టైం టేబుల్లో ఉంటుంది. పదో తరగతి వాళ్లకు మాత్రం పరీక్షల పేరుతో స్టడీ అవర్లో కలిసిపోతుంది. బాలికల హాస్టళ్లలో అయితే ఎనిమిదో తరగతి నుంచే "ఇంకా ఏం గెంతులు" అనే మాట వినిపిస్తుంది. ఇది సరికాదని పూర్వ విద్యార్థులుగా మా అభిప్రాయం.

బృందాల్లోకి ఒళ్లు వంగే వాళ్లనే తీసుకుంటారు. ఆ వంగడం పదిహేను రోజుల్లో వచ్చేది కాదు. తొక్కుడుబిళ్లలో ఒంటికాలి మీద గెంతాలి, గీత తొక్కకుండా వంగి బిళ్ల తీయాలి. వృక్షాసనానికి కావలసిన నిలకడ అక్కడే అలవడుతుంది. ఖోఖోలో గొంతుక్కూర్చున్న పిల్లవాడు మలాసనానికి సగం సిద్ధమైనట్టే. రకరకాలుగా కదలడం అలవాటైన ఒంటికి ఆసనమైనా, అడుగైనా ఆటలాగే తోస్తుంది. అలవాటు లేని వాళ్లకు అదే శిక్ష.

"మన పిల్లలకు వేరే వ్యాయామం దేనికి, ఇంటి దగ్గర పని చేసిన వాళ్లే కదా" అనే పెద్దలు ఉన్నారు. పని వేరు, ఆట వేరు. మా అమ్మలు రోజంతా ఒకే వంపులో నాట్లు వేశారు. ఆ ఒకే వంపు వాళ్ల నడుములను అరగదీసింది. మా ఇళ్లలో డిగ్రీ దాకా వచ్చిన మొదటి వాళ్లం మేమే. పీజీ హాస్టల్లో పోటీ పరీక్షల పుస్తకాల ముందు పది గంటలు ఒకే తీరులో కూర్చుంటున్నాం. వంగి వంగి వాళ్లకు వచ్చిన నొప్పి, కూర్చుని కూర్చుని మాకూ వస్తోంది!

5 నుంచి 17 ఏళ్ల పిల్లలకు సగటున రోజుకు 60 నిమిషాల శారీరక శ్రమ ఉండాలని, వారానికి కనీసం 3 రోజులు కండరాలు, ఎముకలు బలపడే కదలికలు ఉండాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2020లో సూచించింది. యోగా అంటే కళ్లు మూసుకుని కూర్చోవడమే అనుకునేవారికి ఇంకో మాట. 1933లో మైసూరు జగన్మోహన్ ప్యాలెస్‌లో కృష్ణమాచార్య నడిపిన యోగశాలలో కుర్రవాళ్లు ఒక ఆసనం నుంచి ఇంకో ఆసనానికి గెంతుతూ వెళ్లేవారు.

ఇక డప్పు. సినిమా పాటకు స్టెప్పులేస్తే గొప్ప, డప్పు పట్టుకుంటే నామోషీ అనే భావం మనలోనే కొందరికి ఉంది. ఒకసారి పట్టి చూడండి. కుడిచేతిలో సిర్ర, ఎడమచేతిలో చిటికెన పుల్ల, రెండింటిదీ చెరో దెబ్బ. కాళ్లది మూడో లెక్క. పైగా బరువు భుజాన వేలాడుతుండగా వంగి, తిరిగి, గెంతాలి. ఇంతకు మించిన శిక్షణ ఏ డాన్స్ మాస్టరు ఇవ్వగలడు?

మేము అడిగేది రోజుకు అరగంట, పదో తరగతి వాళ్లతో సహా. పైసా ఖర్చు లేదు. మట్టి నేల మీద పిల్లి నడక, కప్ప గెంతు, వెనక్కి నడక. తర్వాత ఒకరు పేరు చెబితే మిగతావాళ్లు ఆ జంతువు ఆసనం వేయాలి. చివర కోలాటమో, డప్పో. తిన్న వెంటనే వద్దు. మోకాలి నొప్పి ఉన్నవాళ్లు గెంతవద్దు. శీర్షాసనం నేర్పేవారు లేకుండా ఎవరూ ప్రయత్నించవద్దు.

వార్డెన్ గారు ఈ సభలోనే దీనిపై ఒక మాట చెబితే బాగుంటుంది. సెలవుల్లో మేము వచ్చి చిన్నవాళ్లతో ఆడతాం.