చిన్నబండి పక్షం

అమెరికాకొచ్చిన కొత్తలో కొన్న మొదటి కారు ఎంత డొక్కుదో చెప్పుకుని మనం మురిసిపోతాం. ఆ తర్వాత కొన్నవాటి గురించి మాత్రం అవి ఎంత పెద్దవో చెప్పుకుంటాం. ఇల్లు ఎన్ని చదరపు అడుగులు, టీవీ ఎన్ని అంగుళాలు, బండికి ఎన్ని సీట్లు! ఆ కొలతలతో నాకు పేచీ లేదు. ఎవరి అప్పు వాళ్ళది. కానీ అదే కొలబద్ద పట్టుకెళ్ళి కొలరాడో కొండల మీద పెడుతున్నారు చూశారూ, అక్కడ మాత్రం నేను నోరు మూసుకుని కూర్చోలేను.

విషయం ఏమిటంటే, నలభై దాటిన మన ఐటీవాళ్ళకి ఈమధ్య మోటార్‌సైకిల్ పిచ్చి పట్టింది. పట్టనివ్వండి, మంచిదే. వారాంతం అంతా ఇంటి ధరలు, వీసా తేదీలు మాట్లాడుకోవడం కన్నా వెయ్యి రెట్లు నయం. గొడవల్లా వాళ్ళు కొనే బళ్ళతోనే. ‘అడ్వెంచర్ బైకు’ అని ఒక జాతి ఉంది. రెండువైపులా అల్యూమినియం పెట్టెలు, ముందు నాలుగు దీపాలు, కింద ఇనప కవచం, పెళ్ళివారి సామాన్ల లారీలా ఉంటుంది. ఈ జాతికి మకుటం లాంటిది బీఎండబ్ల్యూ ఆర్ 1300 జీఎస్. 1300 సీసీ, 145 గుర్రాలు, 237 కిలోలు. అమెరికాలో పద్దెనిమిది వేల డాలర్ల పైన మొదలై, పెట్టెలూ దీపాలూ తగిలించేసరికి పాతిక వేలు దాటుతుంది.

అది చెడ్డబండి అని నేననను. తారురోడ్డు మీద రోజుకి ఐదొందల మైళ్ళు పోవాలంటే అంత హాయైనవి తక్కువ. దాన్ని 13,114 అడుగుల ఎత్తున్న ఇమోజీన్ కనుమ ఎక్కించాలనుకోవడం ఒక పొరపాటు. అలాంటిది కొనుక్కోలేం కాబట్టి ఆ కనుమలు మనకి కావని ఊరుకోవడం అంతకన్నా పెద్ద పొరపాటు. ఈ రెంటి మీదే నా పోట్లాట.

నా బండి యమహా ఎక్స్‌టీ 250. 249 సీసీ, పెట్రోలుతో సహా 132 కిలోలు. నంబరు ప్లేటు ఉంటుంది కాబట్టి రోడ్డు మీద నడపొచ్చు, చక్రాలూ స్ప్రింగులూ రాళ్ళకి తట్టుకుంటాయి కాబట్టి కొండదారిలోనూ నడపొచ్చు. ఇక్కడివాళ్ళు దీన్ని డ్యూయల్ స్పోర్ట్ అంటారు. మా గరాజ్‌లో దాన్ని చూసి ఒక మిత్రుడు “మీవాడికి కొన్నావా గురూ?” అనడిగాడు. మావాడి వయసు పదకొండు.

శాన్ వాన్ పర్వతాలు కొలరాడోకి నైరుతి మూల ఉన్నాయి. డెన్వర్ నుంచి సుమారు మూడు వందల మైళ్ళు. యూరే, సిల్వర్‌టన్, టెల్యూరైడ్, లేక్ సిటీ అని నాలుగు చిన్న ఊళ్ళు. వాటిని కలుపుతూ శిఖరాల మధ్య నుంచి పోయే మట్టిదారులు: ఇంజినీర్ పాస్ 12,800 అడుగులు, సినమన్ పాస్ 12,640, ఆఫిర్, బ్లాక్ బేర్, ఇమోజీన్. ఈ దారులు జీపుల కోసం వేసినవి కావు, టూరిస్టుల కోసం అసలే కావు. పందొమ్మిదో శతాబ్దం చివర్లో వెండి, బంగారం తవ్వినవాళ్ళు కంచరగాడిదల కోసం, ముడిఖనిజం మోసే బళ్ళ కోసం వేసుకున్నవి. వీటిలో చాలావాటిని సుంకం దారులుగా వేయించిన ఆటో మియర్స్ రష్యా సామ్రాజ్యంలో పుట్టి, తల్లిదండ్రులు పోయి, చిన్నతనంలోనే కాలిఫోర్నియా చేరిన యూదుడు. మనలాగే వలస వచ్చినవాడు, మనలాగే కాంట్రాక్టులు పట్టినవాడు. (అంతా పుణ్యాత్ముడని కాదు. ఈ పర్వతాలు 1873 ఒప్పందంతో యూట్ జాతివాళ్ళ చేతుల్లోంచి పోయాయి. వాళ్ళ నాయకుడు యూరే 1880లో చనిపోయాడు, మరుసటేడు అతని మనుషుల్ని యూటాకి తరిమేశారు. ఊరికి మాత్రం ఆయన పేరు మిగిల్చారు. మియర్స్ ఆ వ్యవహారాల్లోనూ ఉన్నాడు.)

ఇదంతా ఎందుకు చెప్తున్నానంటే, దారి వెడల్పు గాడిద నిర్ణయించింది. ఒకవైపు కొండ, ఒకవైపు లోయ, మధ్యలో ఒక వాహనం పట్టేంత చోటు. మలుపులో ఎదురుగా జీపు వస్తే ఎవరో ఒకరు వెనక్కి పోవాలి. ఎక్కేవాడికి దిగేవాడు దారివ్వాలన్నది ఇక్కడి మర్యాద. 132 కిలోల బండిని అక్కడికక్కడే దిగి, చేత్తో పట్టుకుని, వెనక్కి తిప్పేసుకోవచ్చు. 237 కిలోలదాన్ని తిప్పి చూడండి.

ఇప్పుడు పెద్దబండివాళ్ళ మొదటి వాదన. “పైకి పోయేకొద్దీ గాలి పలచబడుతుంది కదండీ, ఇంజను బలం తగ్గుతుంది కదా, అందుకే పెద్ద ఇంజను.” వినడానికి సైన్సులాగే ఉంటుంది. ఇరవై ఏళ్ళుగా క్లయింట్లకి ఎంత పెద్ద సర్వర్లు కావాలో చెప్పి బతుకుతున్నవాణ్ణి నేను. కావలసినదానికి పదింతలు ఎలా కొనిపిస్తారో నాకు బాగా తెలుసు. అడ్డంకి ఎక్కడుందో చూడకుండా, అడ్డంకి లేనిచోట డబ్బు పోయిస్తారు.

లెక్క చూద్దాం. పదమూడు వేల అడుగుల ఎత్తులో గాలి సాంద్రత సముద్రమట్టం దగ్గరున్నదానిలో మూడింట రెండు వంతులు. ఇంజను బలమూ దాదాపు అంతే మిగులుతుంది. నా బండి ఇరవై గుర్రాలు కాస్తా పదమూడవుతాయి. బండీ, నేనూ, సామానూ కలిపి 220 కిలోలు అనుకోండి. ఇరవై శాతం వాలు మీద గంటకి పది మైళ్ళ చొప్పున ఎక్కడానికి కావలసింది రెండున్నర గుర్రాలు. రాళ్ళకీ గుంటలకీ మరో రెండు వేసుకోండి. ఇంకా ఎనిమిది మిగిలాయి. ఆ దారిలో అంతకన్నా వేగంగా పోవడం తెలివైన పని కాదు. అంచేత పెద్దబండికి పైన మిగిలే తొంభై ఏడు గుర్రాల్లో తొంభై దాకా ఊరికే వెంట వస్తాయి.

అసలు సంగతి ఇంకోటుంది. ఎత్తుకి పోతే బలం తగ్గుతుంది గానీ బరువు తగ్గదు. బండికి తగ్గినట్టే మనిషికీ ఊపిరి తగ్గుతుంది. పన్నెండు వేల అడుగుల మీద షూ లేసు కట్టుకుని లేస్తేనే ఆయాసం వస్తుంది నాకు. ఆ ఎత్తులో పడ్డబండిని లేపాలి. పడకుండా ఉండదా అంటారా? ఉండదు. రాళ్ళ మెట్ల మీద ఎంతటివాడికైనా ముందుచక్రం ఎటో తిరుగుతుంది, బండి పక్కకి ఒరుగుతుంది. అది సిగ్గుపడాల్సిన సంగతీ కాదు, నడవడంలో తట్టుకోవడం లాంటిది. తట్టుకున్నాక లేవగలమా లేదా అన్నదే ప్రశ్న.

2019 ఆగస్టులో ఇమోజీన్ ఎక్కుతుంటే, కేంప్ బర్డ్ గని దాటాక, పైవంపుల్లో ఒక పెద్దబండి పడి ఉంది. యాభై పైబడిన టెక్సస్ మనిషి, కాలు బండి కింద. పెట్టె అడ్డుపడబట్టి ఎముక విరగలేదు. ఆయన అరగంట నుంచి అలాగే ఉన్నాట్ట. ఫోను పనిచెయ్యదు. ఇద్దరం పట్టినా లేవలేదు. పై నుంచి వచ్చిన జీపులో కుర్రాడు కూడా చెయ్యి వేస్తే అప్పుడు లేచింది. లేచాక ఆయన అన్న మొదటి మాట, బండికి గీతలేమైనా పడ్డాయా అని. పడమటి నుంచి మబ్బులు కమ్ముకొస్తున్నాయి. జులై, ఆగస్టు నెలల్లో ఇక్కడ మధ్యాహ్నం అయ్యేసరికి పిడుగులు మొదలవుతాయి. చెట్లు ఆగిపోయిన ఎత్తులో అన్నిటికన్నా పొడుగ్గా నిలబడేది మనిషే. ఇంకో గంట ఎవరూ రాకపోయుంటే? ఆ ప్రశ్నకి 145 గుర్రాలు జవాబు చెప్పవు.

రెండో వాదన హైవే గురించి. చిన్నబండి మీద డెన్వర్ నుంచి అంతదూరం ఎలా వెళ్తావు, పక్కన ట్రక్కు పోతే గాల్లో ఎగరవూ అంటారు. నిజమే. ఆ వాదనకి నేను తలవంచుతాను. వెళ్ళను. చిన్న ట్రైలర్ మీద కట్టి, కారు వెనకాల తగిలించి తీసుకెళ్తాను. దీనికి నవ్వుతారు మనవాళ్ళు. పడవని ట్రైలర్ మీద చెరువుకి తీసుకెళ్ళేవాణ్ణి చూసి ఎవరూ నవ్వరెందుకో. మూడు వందల మైళ్ళ హాయి కోసం పాతిక మైళ్ళ నరకం కొనుక్కోవడమా, లేక తిరగేసి కొనుక్కోవడమా అన్నది మీ ఇష్టం. నేను కనుమ కోసం వెళ్తున్నాను, హైవే కోసం కాదు.

ఇండియాలో ఉండి ఇది చదివేవాళ్ళకి ఈ తగువంతా విడ్డూరంగా ఉండొచ్చు. పాడేరు ఘాట్‌లో, మారేడుమిల్లి దారిలో వంద సీసీ బండి మీద ముగ్గురు మనుషులు, ఒక బియ్యం బస్తా, చంకన ఒక కోడి ఎక్కిపోతుంటే చూసినవాళ్ళు మీరు. దాన్ని సాహసం అని ఎవరూ అనరు, సంతకెళ్ళడం అంటారు. మా నాన్న 97 సీసీ హీరో హోండా సీడీ 100 మీద ఇరవై ఏళ్ళు బడికి వెళ్ళి పాఠం చెప్పొచ్చాడు, దారిలో సగం గతుకులే. కానీ మీరు మాత్రం తక్కువ తిన్నారా? లదాక్ అనగానే హైదరాబాదు కుర్రాడికి సుమారు 200 కిలోల ఎన్‌ఫీల్డ్ తప్ప ఇంకోటి కనపడదు. ఫొటోలో బరువుగా ఉండాలి కదా! లేహ్‌లో ఉండేవాళ్ళు మాత్రం స్కూటర్లమీద నిమ్మళంగా పనులు చేసుకుంటారు. 2019లో హీరో కంపెనీ ఎక్స్‌పల్స్ అని 200 సీసీ బండి తెచ్చింది, ఇలాంటి దారుల కోసమే. దాన్ని చూసి “ఇదేంటన్నా, రెండొందలేనా?” అన్న మా పిన్ని కొడుకుతో నేను ఫోన్లో అరగంట పోట్లాడాను.

ఈ అంకెల మోజు ఎక్కడిదాకా పోయిందంటే, ఖార్దుంగ్ లా మీద 18,380 అడుగులని ఏళ్ళ తరబడి బోర్డు పెట్టుకున్నారు. జీపీఎస్‌తో కొలిస్తే తేలింది 17,582. ఎనిమిది వందల అడుగులు తగ్గినా అది అంతే అందంగా ఉంది, అంతే చలిగా ఉంది. ఆ బోర్డు పక్కన నిలబడి ఫొటో దిగినవాళ్ళలో ఎవరూ కిందకి దిగి డబ్బులు వాపసు అడగలేదు.

మూడో వాదన మన ఆడవాళ్ళది, పెద్దవాళ్ళది. “ఈ వయసులో ఇదేం చోద్యం నాయనా, పెళ్ళాం పిల్లలున్నవాడివి!” ఇది పై రెంటికన్నా నిజాయితీ ఉన్న వాదన. మోటార్‌సైకిలు కారుకన్నా ప్రమాదమని నేనూ ఒప్పుకుంటాను. అందుకే హెల్మెట్టు, బూట్లు, మోకాళ్ళ కవచాలు లేకుండా వీధి చివరికి కూడా వెళ్ళను. మధ్యాహ్నానికల్లా చెట్లున్న ఎత్తుకి దిగిపోతాను. మా ఆవిడకి ఏ దారిన పోయి ఎన్నింటికి తిరిగొస్తానో కాగితం మీద రాసిచ్చి వెళ్తాను. ఆ కాగితం ఫ్రిజ్ మీద అంటించి ఉంటుంది, కిరాణా జాబితా పక్కన. కానీ అదే పెద్దవాళ్ళు పెద్దబండి చూసి “ఇది స్థిరంగా ఉంది, ఇదైతే ఫర్వాలేదు” అంటారు చూడండి, అప్పుడు నాకు చిర్రెత్తుకొస్తుంది. నిలబెట్టిన బండి స్థిరంగా ఉండటం వేరు, రాళ్ళమీద కదిలే బండి మన మాట వినడం వేరు.

పెద్ద బళ్ళ సంగతిలో ఆ ఊళ్ళవాళ్ళ బాధ కూడా ఒకటుంది. నాలుగు చక్రాల కొండబళ్ళు మందలు మందలుగా వచ్చి రొదా దుమ్మూ రేపుతుంటే, 2021లో సిల్వర్‌టన్ తన వీధుల్లో వాటిని తిరగనివ్వకూడదని నిర్ణయించింది. మాలాంటి నంబరు ప్లేటున్న బైకులకి ఆ నిషేధం లేదు. ఎన్నాళ్ళు ఉండదో అది మా నడవడిక మీద ఉంటుంది. కొండపైన అరచేయంత ఎత్తు మొక్కలు రెండు నెలల వేసవిలో పూసి కాసి ముగించుకోవాలి. దారి తప్పి ఒక్క చక్రం వాటిమీదుగా పోతే ఆ గాడి మానడానికి దశాబ్దాలు పడుతుంది. బురదగుంట వస్తే పక్కనుంచి పచ్చిక మీదుగా పోయేవాళ్ళని చూశాను, తొంభై శాతం పెద్దబళ్ళే. ఇదేమీ సర్వే కాదు, నా కళ్ళ లెక్క. బండి బరువుకి బురదలో కూరుకుపోతామన్న భయం. తేలికబండికి ఆ భయం తక్కువ, గుంట మధ్యలోంచే పోతుంది.

డబ్బు సంగతి చెప్పనే లేదు. నా బండి కొత్తదే ఐదు వేల పైచిలుకు డాలర్లు. పాతది మూడు వేలకి దొరుకుతుంది. గాలనుకి డెబ్బై మైళ్ళిస్తుంది కాబట్టి 65 మైళ్ళ ఆల్పైన్ లూప్ మొత్తం ఒక్క గాలను పని. కొండ కోసం నేను చేసిన మార్పల్లా ముందు పళ్ళచక్రంలో ఒక పన్ను తగ్గించడం. ఆ ముక్క ఖరీదు ఒక రెస్టారెంట్లో ఇద్దరు బిరియానీ తిన్నంత.

మా ఆఫీసులో నెల్లూరు వైపు నుంచి వచ్చిన ఒకావిడ ఉన్నారు, టెస్టింగ్ టీముకి మేనేజరు. ఐదడుగుల ఒక్క అంగుళం. ఆవిడ ఒక షాపుకెళ్ళి కొండల్లోకి వెళ్ళాలి, ఏ బండి తీసుకోను అనడిగితే, అక్కడివాడు కిందనించి పైదాకా చూసి, “మీవారి వెనక సీటు మీద కూచుంటే హాయి కదా మేడమ్” అని ఒక పెద్దబండి చూపించాట్ట. చిన్నబళ్ళలోనూ సీటు ఎత్తుగా ఉండేవి చాలానే ఉన్నాయి, ఆ మాట దాచను. కానీ యమహాలోనే టీడబ్ల్యూ 200 అని ఒకటుంది. లావుపాటి టైర్లు, 31 అంగుళాల సీటు, 126 కిలోలు. ఎప్పుడో 1987 నుంచి పెద్ద మార్పుల్లేకుండా వస్తోంది. ఆవిడ అది పాతది కొనుక్కుని, ఒక వేసవంతా ఖాళీ పార్కింగు స్థలాల్లో నేర్చుకుని, పోయిన జులైలో మాతోపాటు లేక్ సిటీ నుంచి సినమన్ కనుమ ఎక్కారు. రెండుసార్లు పడ్డారు. రెండుసార్లూ “ఉండండి, ఎవరూ పట్టుకోవద్దు” అని తనే లేపుకున్నారు. పైన బోర్డు దగ్గర పులిహోర పొట్లం విప్పి అందరికీ పెట్టారు. ఆ షాపువాడు ఇప్పటికీ ఆవిడ భర్త పేరు మీద పెద్దబండి కరపత్రాలు పంపిస్తూనే ఉన్నాట్ట. ఆయనకి సైకిలు తొక్కడం కూడా రాదు.