లిపి ఒట్టి చొక్కాయేనా?

పోయినేడాది ఒక సెమినార్‌లో భాషాశాస్త్రం చెప్పే పెద్దమనిషి ఒకాయన "లిపి చొక్కా లాంటిదమ్మా, మార్చుకున్నంత మాత్రాన మనిషి మారడు" అన్నారు. పిల్లలు ఎలాగూ ఫోనుల్లో తెలుగుని ఇంగ్లీషు అక్షరాల్లోనే రాస్తున్నారు, మొత్తంగా రోమన్ లిపికి మారిపోతే పీడా వదులుతుందని ఆయన వాదన. ఉదాహరణ టర్కీ. ఇది పాత ఉదాహరణే. 1938లో హరిపుర కాంగ్రెస్‌లో సుభాష్ చంద్రబోస్ కూడా రోమన్ లిపిని సమర్థిస్తూ, 1934లో టర్కీ చూసొచ్చాకే తన అభిప్రాయం మారిందని చెప్పాడు. ఆ రోజు నేను జవాబు చెప్పబోయేసరికి టీ వేళయింది.

టర్కీలో 1928 నవంబర్ 1న చట్టం చేశారు. డిసెంబర్ నుంచి పత్రికలు, 1929 జనవరి నుంచి పుస్తకాలు అరబిక్ లిపిలో అచ్చు వేయకూడదు. 29 రోమన్ అక్షరాలు వచ్చాయి. ముస్తఫా కెమాల్ నల్లబల్ల దగ్గర నిలబడి అక్షరాలు దిద్దిస్తున్న ఫోటో మనలో చాలామంది చూసే ఉంటారు. కొత్త బళ్ళలో ఎందరో ఆడవాళ్ళు మొదటిసారి చదువు నేర్చుకున్నారు. దాన్ని నేను తక్కువ చెయ్యను. కానీ ఆ పుణ్యం బళ్ళదా, అక్షరాలదా? అంతకంటే ఎంతో కష్టమైన లిపితోనే జపాన్ ఆడపిల్లలందరికీ చదువు చెప్పింది కదా!

అసలు గొడవ ఆ లిపిలో అప్పటికే రాసేసిన ఆడవాళ్ళ గురించి. ఇస్తాంబుల్‌లో 1913లో ఉల్వియే మెవ్లాన్ 'కడిన్లార్ దున్యాసి' (స్త్రీల ప్రపంచం) మొదలుపెట్టింది. మొదటి వంద సంచికలూ దినపత్రికే. మా హక్కులు ఒప్పుకునేదాకా మగవాళ్ళ రాతలు వేయం అన్నారు. టెలిఫోన్ కంపెనీతో పోరాడి ముస్లిం స్త్రీలకు ఉద్యోగాలు సాధించారు. 1923లో నెజిహే ముహిద్దిన్ స్త్రీల పార్టీయే పెట్టబోయింది, ప్రభుత్వం అనుమతించలేదు. ఆ తర్వాత 1930లో స్థానిక ఎన్నికల్లో, 1934లో పార్లమెంటు ఎన్నికల్లో స్త్రీలకు ఓటు వచ్చింది. బడి పుస్తకాలేమో రిపబ్లిక్ 'ఇచ్చింది' అన్నాయి. కాదనడానికి సాక్ష్యం మనవరాళ్ళు చదవలేని అక్షరాల్లో ఉండిపోయింది!

లిపి మారినప్పుడు పాత పుస్తకాలన్నీ ఒకేసారి ఈవలి ఒడ్డుకి రావు. ఎవరో ఎంచాలి. కెమాల్ 1927 నాటి మహోపన్యాసం 'నుతుక్' 1934కల్లా కొత్త అక్షరాల్లో అచ్చయింది. 'కడిన్లార్ దున్యాసి' మొదటి 50 సంచికలు కొత్త అక్షరాల్లోకి రావడానికి 2009 దాకా ఆగాలి. అదైనా 1990లో స్త్రీలు తమకు తాము పెట్టుకున్న గ్రంథాలయం చేసిన పని. అంతకుముందు సెర్పిల్ చాకిర్ లాంటి పరిశోధకులు ఆ సంచికలు ముందేసుకుని కూర్చోకపోతే అలాంటి పత్రిక ఒకటి ఉండేదని కూడా ఎవరికీ గుర్తుండేది కాదు. విచిత్రం ఏమిటంటే, అదే 2009లో తొలితరం నవలా రచయిత్రి ఫాత్మా అలియే బొమ్మ 50 లీరాల నోటు మీద వేశారు. ఆమె ముఖం అందరి చేతుల్లోకీ వచ్చింది. ఆమె చేతిరాత మాత్రం నిపుణులకే.

మన దగ్గర లిపి మారకపోయినా భండారు అచ్చమాంబ మరుగున పడలేదా అని మీరు అడగొచ్చు. పడింది. 1902 నాటి 'ధనత్రయోదశి'ని పక్కన పెట్టి 1910 నాటి 'దిద్దుబాటు'నే తొలి కథ అంటూ వచ్చారు. అది మన విమర్శకుల నిర్వాకం. కానీ ఆ కథ బయటపడ్డ రోజున తెలుగు చదవడం వచ్చిన ఎవరైనా దాన్ని అప్పటికప్పుడు చదివేయగలిగారు. లిపి కూడా పోయుంటే ముందు చదివిపెట్టేవాళ్ళని వెతకాలి, తర్వాత వాళ్ళు చదివిందే నమ్మాలి.

మా అమ్మమ్మ లెక్కల పుస్తకం ఒకటి నా దగ్గరుంది. పాల పద్దుల మధ్య, ఎవరికీ చెప్పుకోని మాటలు నాలుగైదు చోట్ల రాసుకుంది. అరసున్నలు, బండి ఱలు ఉన్నా నేను కూడబలుక్కోకుండా చదివాను. అమెరికాలో పుట్టిన మా అక్క కూతురు తెలుగు చక్కగా మాట్లాడుతుంది, నాకు మెసేజ్‌లు రోమన్‌లో పెడుతుంది. ఆ పుస్తకం తనకి చూపిస్తే, "నువ్వే చదివి చెప్పు పిన్నీ" అంది. చదివాను. రెండు చోట్ల మాత్రం దాటేశాను. అమ్మమ్మ తాతయ్య గురించి రాసుకున్నవి అవి. నేను దాటేసినట్టు ఆ పిల్లకి తెలీదు.