ఇంటి తాళంచెవి ఎవరి జేబులో ఉంది?

మీ ఇంట్లో తాళంచెవులు ఎన్ని? వీధి తలుపుది ఒకటి, బీరువాది ఒకటి, స్కూటర్‌ది ఒకటి... గోడకు కొట్టిన మేకుకో, టీవీ పక్కన కొక్కేనికో వేలాడుతుంటాయి. ఎక్కడున్నాయో ఇంటిల్లిపాదికీ తెలుసు. కానీ వాటన్నిటికన్నా పెద్ద తాళంచెవి ఇంకోటుంది. దానికి పది అంకెలు. బ్యాంకు ఖాతా తెరుచుకోవాలన్నా, గ్యాస్ బండ దిగాలన్నా, ఆధార్‌తో ఏ పని జరగాలన్నా అదే కావాలి. చిత్రమేమిటంటే, చాలా ఇళ్లలో అది ఒకే ఒక్కరి జేబులో ఉంటుంది. ఎక్కువగా నాన్న జేబులో!

అవును, సెల్ నంబరే. టెక్నాలజీ మన కొంప ముంచిందని శాపనార్థాలు పెట్టడానికి కాదు ఇది రాస్తున్నది. కొత్త ఫోన్ చేతికొస్తే అన్నం మానేసి దాని సెట్టింగ్‌లన్నీ కెలికే రకం నేను. కూరగాయల బండి మీద క్యూఆర్ కోడ్ చూసినా ఇప్పటికీ ముచ్చటే. అయితే ఇంత తెలివైన ఏర్పాటులో మనమంతా ఓ చిన్న సంగతి మర్చిపోయాం. దాని గురించే ఈ వారం.

పీపీ నంబర్ల రోజులు

నలభై దాటిన వాళ్లకు గుర్తుండే ఉంటుంది. అప్పట్లో ఫోన్ కోసం దరఖాస్తు పెట్టుకుని ఏళ్ల తరబడి ఎదురుచూసేవారు. ఆలోగా అవసరానికి పక్కింటి వాళ్ల నంబరే దిక్కు. శుభలేఖల మీదా, విజిటింగ్ కార్డుల మీదా ఆ నంబర్ వేసి పక్కన ‘పీపీ’ అని అచ్చు వేయించుకునేవారు. ఫోన్ వస్తే పక్కింటి పిన్నిగారు గోడ మీంచి కేకేసేవారు. ఇటువైపు నుంచి పిండి చేతులతోనే పరుగు!

తర్వాత సొంత ఫోన్ వచ్చింది. హాల్లో ఓ స్టూలు, దాని మీద అల్లిక గుడ్డ, గుడ్డ మీద ఫోన్. అది మోగితే ఎవరైనా ఎత్తేవారు. ఎందుకంటే అది ఇంటి నంబర్. నాన్న ఊళ్లో లేకపోతే అమ్మ మాట్లాడేది, అమ్మ లేకపోతే పిల్లలు మాట్లాడేవారు.

మన దేశంలో తొలి సెల్‌ఫోన్ కాల్ 1995 జులై 31న వెళ్లింది. కోల్‌కతా నుంచి అప్పటి పశ్చిమ బెంగాల్ ముఖ్యమంత్రి జ్యోతిబసు, ఢిల్లీలో ఉన్న కేంద్ర మంత్రి సుఖ్‌రామ్‌తో మాట్లాడారు. అప్పట్లో ఇన్‌కమింగ్‌కీ డబ్బు కట్టాల్సిందే. 2003లో అది ఉచితమయ్యాక సెల్ మధ్యతరగతి జేబుల్లోకి వచ్చింది. అక్కడే ఓ పెద్ద మార్పు జరిగిపోయింది. ఇంటి నంబర్ కాస్తా మనిషి నంబర్ అయింది.

కబుర్లకు అదెంతో హాయి. కానీ తర్వాత ఏమైందో చూడండి. 2009 ఆగస్టు నుంచి ఆన్‌లైన్‌లో కార్డుతో కొనాలంటే రెండో ధ్రువీకరణ ఉండాల్సిందేనని రిజర్వు బ్యాంకు నిబంధన పెట్టింది. క్రమంగా ఆ పనికి ఓటీపీ వచ్చి కూర్చుంది. 2016లో యూపీఐ వచ్చింది. ఆధార్‌కూ ఓటీపీ, రైలు టిక్కెట్‌కూ ఓటీపీ, పార్శిల్‌కూ ఓటీపీ. 2025 ఆగస్టులో దేశంలో యూపీఐ లావాదేవీలు ఒక్క నెలలోనే 2000 కోట్లు దాటాయి. ఇవన్నీ ఏదో ఒక సెల్ నంబర్‌ను పట్టుకుని నడిచేవే. అంటే నంబరేమో మనిషిది అయింది, ఇంటి పనులన్నీ మాత్రం వచ్చి దాని మీదే పడ్డాయి!

‘ఓటీపీ చెప్పండమ్మా’

పొద్దున పదకొండు గంటలు. గ్యాస్ బండ మోసుకుని అబ్బాయి మూడో అంతస్తు ఎక్కి వచ్చాడు. ‘‘అమ్మా, నంబర్ వచ్చింది చూడండి, చెప్పండి’’ అన్నాడు. నంబర్ ఎక్కడికొచ్చింది? ఆఫీసులో ఉన్న అయ్యగారి ఫోన్‌కి. ఆయనేమో మీటింగ్‌లో ఉన్నారు. ఈవిడ నాలుగుసార్లు ఫోన్ చేస్తే ఐదోసారి ఎత్తి, ‘‘ఏంటే, కొంప మునిగినట్టు!’’ అన్నారు. ఇంటికి బండ వచ్చింది, ఇంట్లో మనిషి ఉంది, చేతిలో డబ్బుంది. అయినా పని జరగదు. ఈ నాటకం మీ ఇంట్లో కూడా ఆడే ఉంటుంది.

ఇది నవ్వుకునే సంగతి. నవ్వలేనిది ఇంకోటుంది. ఆ ఇల్లాలి పేరు మీద ఉన్న బ్యాంకు ఖాతాకి కూడా ఆయన నంబరే ఇచ్చి ఉంటారు. ఆవిడ ఆధార్‌కీ అదే. పిల్లల స్కూలు మెసేజ్‌లూ అక్కడికే. ఎవరూ కుట్ర చేసి పెట్టిన ఏర్పాటు కాదిది. దరఖాస్తులో ‘మొబైల్ నంబర్’ అన్న గడి దగ్గర ‘‘నాది రాసెయ్, ఏదైనా వస్తే నేను చూసుకుంటా’’ అన్నారంతే. ప్రేమతోనే అన్నారు. కానీ పదేళ్లు గడిచేసరికి ఆవిడ ఖాతాలో ఎంత పడిందో, ఎంత పోయిందో ఆవిడకి తప్ప ఆయనకి తెలుస్తోంది!

టీవీ పక్కన ఓ పాత ఫోన్

మా అపార్ట్‌మెంట్‌లో ఓ పెద్దావిడ ఉన్నారు. టీచర్‌గా చేసి రిటైరయ్యారు. భర్త పోయి ఏడాది దాటింది. ఆయన ఫోన్ ఇప్పటికీ టీవీ పక్కన చార్జింగ్‌లోనే ఉంటుంది. రీచార్జ్ గడువు ముగిసేలోపే ఎవరో ఒకరిని పిలిచి మళ్లీ వేయిస్తారు. జ్ఞాపకం కోసం దాచుకున్నారేమో అనుకున్నాను. ‘‘అదొక్కటే కాదు బాబూ, కరెంటు బిల్లు నుంచి బీమా దాకా అన్నీ దాంట్లోకే వస్తాయి. అది ఆగిపోతే నాకు ఏదీ తెలీదు’’ అన్నారావిడ. ముప్పై ఏళ్లు పిల్లలకు లెక్కలు చెప్పిన మనిషి! చదువు లేక కాదు, తన నంబర్ ఎక్కడా లేక వచ్చిన ఇబ్బంది అది.

ఇక్కడో మాట గట్టిగా చెప్పుకోవాలి. పోయినవారి ఫోన్ చేతిలో ఉంది, పిన్ తెలుసు కదా అని వారి ఖాతాలోంచి డబ్బు తీయడం సరికాదు. రేపు వారసుల మధ్య మాటొస్తే జవాబు చెప్పుకోలేం. బ్యాంకుకు తెలియజేసి, నామినీగానో, జాయింట్ ఖాతాదారుగానో, వారసులుగానో క్లెయిమ్ చేసుకోవాలి. పత్రాలన్నీ అందాక 15 రోజుల్లో ఇలాంటి క్లెయిమ్‌లు తేల్చాలని రిజర్వు బ్యాంకు 2025లో బ్యాంకులకు చెప్పింది. బ్యాంకు ఖాతాకి నలుగురి దాకా నామినీలను పెట్టుకునే వీలు కూడా 2025 నవంబరు 1 నుంచి వచ్చింది. నామినీ అంటే ఆస్తి ఆయనదేనని కాదు. డబ్బు అందుకుని అసలు వారసులకు అప్పగించాల్సిన మనిషి అని.

నంబర్ చేతులు మారితే...

‘ఆయన ఫోన్ బీరువాలో పెట్టేశాం, రీచార్జ్ చేయడం మానేశాం’ అంటారు కొందరు. అదింకో చిక్కు. వాడకం లేని నంబర్‌ను కంపెనీ కొన్నాళ్లకి ఆపేస్తుంది. ఆపాక కనీసం 90 రోజులు ఆగి, మరొకరికి ఇచ్చేయవచ్చు. అంకెలు అంతులేనివి కావు కాబట్టి కంపెనీలకూ తప్పదు. మరి బ్యాంకులో, బీమా ఆఫీసులో ఇంకా పాత నంబరే ఉంటే? మన ఇంటి కబుర్లు ఎవరో ముక్కూమొహం తెలియని వాళ్ల ఫోన్‌కి చేరతాయి. కొత్త సిమ్ తీసుకున్న వెంటనే ‘‘అప్పు కట్టరేం?’’ అంటూ ఎవరిదో బాకీకి తిట్లు తిన్నవాళ్లకు ఈ సంగతి బాగా తెలుసు.

మూతపడిన, చేతులు మారిన నంబర్లను కనీసం వారానికోసారి సరిచూసి తమ జాబితాలోంచి తీసేయాలని యూపీఐ నడిపే ఎన్‌పీసీఐ 2025లో బ్యాంకులకూ, యాప్‌లకూ చెప్పింది. మంచిదే. కానీ వాళ్లు చూసుకుంటారులే అని కూర్చోకుండా నంబర్ మార్చిన రోజే మనం బ్యాంకుకు వెళ్లడం మేలు.

అమెరికా అబ్బాయి నంబర్

మన ఇళ్లకే ప్రత్యేకమైన ముచ్చట ఇంకోటి. గుంటూరులోనో, కరీంనగర్‌లోనో అమ్మానాన్న ఉంటారు. అబ్బాయి డల్లాస్‌లో ఉంటాడు. ‘‘మీకెందుకు ఈ తలనొప్పి, నేను చూసుకుంటా’’ అని వాళ్ల ఖాతాలన్నిటికీ తన ఇండియా నంబర్ ఇచ్చి విమానం ఎక్కుతాడు. ఇక్కడ నాన్నగారు బ్యాంకు కౌంటర్ దగ్గర నిలబడితే ఓటీపీ అక్కడ దిండు కింద మోగుతుంది. అక్కడ అర్ధరాత్రి రెండు! అబ్బాయి సిమ్ రీచార్జ్ మర్చిపోయాడా, ఇక అదీ లేదు.

ఎన్నారైలు తమ ఎన్ఆర్ఈ, ఎన్ఆర్ఓ ఖాతాలను అమెరికాతో సహా కొన్ని దేశాల నంబర్లతోనే యూపీఐకి కలుపుకొనేందుకు 2023లో అనుమతి వచ్చింది. అబ్బాయి పనికి అది చాలు. అమ్మానాన్నల ఖాతాకి మాత్రం వాళ్ల నంబరే ఉండాలి. పెద్దవాళ్లకి యాప్‌లు చేతకావు అంటారా? 2024లో ‘యూపీఐ సర్కిల్’ అని ఒకటి వచ్చింది. ఖాతా ఒకరిది, వాడుకునేందుకు అనుమతి ఇంకొకరికి. నెలకు 15,000 రూపాయల లోపు హద్దు పెట్టి ఇవ్వొచ్చు. లేదా ప్రతి చెల్లింపూ మనం సరేనన్నాకే జరిగేలా పెట్టొచ్చు. నా మటుకు నాకు, తాళంచెవి లాక్కోవడం కన్నా ఇలాంటి చిన్న చెవి ఒకటి చేయించి ఇవ్వడమే మర్యాద అనిపిస్తుంది.

ఓటీపీల గోల ఎప్పటికీ ఉంటుందా అంటే, ఉండకపోవచ్చు. ఎస్ఎంఎస్ ఓటీపీకి బదులు వేలిముద్ర లాంటి ఇతర మార్గాలకూ చోటిస్తూ రిజర్వు బ్యాంకు 2025 సెప్టెంబరులో మార్గదర్శకాలు ఇచ్చింది. అప్పుడు ఈ సమస్య ఇంకాస్త బిగుసుకుంటుంది తప్ప పోదు. ఓటీపీని ఫోన్‌లో అడిగి చెప్పించుకోవచ్చు. వేలు మాత్రం ఆఫీసు నుంచి పంపలేరు కదా!

ఈ ఆదివారం ఓ అరగంట

మధ్యాహ్నం భోజనాలయ్యాక టీవీ కట్టేసి, ఓ నోటు పుస్తకం పట్టుకుని ఇంట్లో అందరూ కూర్చోండి.

• ఏయే పనికి ఎవరి నంబర్ ఇచ్చారో రాయండి. బ్యాంకు, ఆధార్, గ్యాస్, బీమా, పీఎఫ్, కరెంటు, స్కూలు... ఒకే నంబర్ పదిసార్లు వస్తే అదే మీ ఇంటి బలహీనత.

• ఎవరి పేరు మీదున్న ఖాతాకి వాళ్ల నంబర్ పెట్టించండి. జాయింట్ ఖాతా అయితే రెండోవారి నంబర్ కూడా నమోదు చేయమని బ్యాంకులో అడగండి. నామినీ పేరు ఉందో లేదో ఆ చేత్తోనే చూసుకోండి.

• సిమ్ ఎవరి పేరు మీద ఉందో చూడండి. మీ పేరుతో ఎన్ని నంబర్లు నడుస్తున్నాయో 2023లో టెలికాం శాఖ మొదలుపెట్టిన ‘సంచార్ సాథీ’లో తెలుస్తుంది. మీవి కానివి ఉంటే అక్కడే ఫిర్యాదు చేయొచ్చు.

• ఫోన్‌కి లాక్ ఉంటే చాలదు. దొంగ సిమ్ తీసి వేరే ఫోన్‌లో వేస్తే ఓటీపీలు వాడికే వస్తాయి. సెట్టింగ్‌లలో సిమ్ పిన్ పెట్టుకోండి. మూడుసార్లు తప్పు కొడితే సిమ్ బిగుసుకుంటుంది కాబట్టి కంపెనీ ఇచ్చిన అసలు పిన్ తెలుసుకున్నాకే మార్చండి.

• ఫోన్ పోతే ముందు సిమ్ ఆపించాలి, తర్వాత బ్యాంకుకు చెప్పాలి, ఆపైన సంచార్ సాథీలో ఫోన్‌ను బ్లాక్ చేయించాలి. డబ్బు పోయినట్టు తెలిస్తే వెంటనే 1930కి ఫోన్ చేయాలి. ఈ వరుస ఫ్రిజ్ తలుపు మీద అంటించండి. ఫోన్‌లో రాసుకుంటే ఫోన్‌తోనే పోతుంది!

• ఫొటోలనూ మర్చిపోవద్దు. గూగుల్‌లో ‘ఇనాక్టివ్ అకౌంట్ మేనేజర్’, ఐఫోన్‌లో ‘లెగసీ కాంటాక్ట్’ అని ఉంటాయి. మన తర్వాత అవి ఎవరికి అందాలో ముందే చెప్పుకోవచ్చు. పిల్లల తొలి అడుగుల వీడియోలు పాస్‌వర్డ్ వెనకాల ఉండిపోతే అంతకన్నా నష్టమేముంది?

• పుస్తకంలో ఎక్కడెక్కడ ఏముందో రాయండి కానీ పిన్‌లు, పాస్‌వర్డ్‌లు మాత్రం రాయొద్దు.

‘శుభమా అని ఆదివారం పూట ఈ చావు కబుర్లేంటండీ’ అంటారేమో ఇంట్లో. అనే వాళ్లకి గ్యాస్ బండ కథ చెప్పండి, ఒప్పుకుంటారు. అసలు ఇది పోవడం గురించిన లెక్క కాదు. నాన్న ఊరెళ్లినా, ఫోన్ నీళ్లలో పడినా, చార్జింగ్ అయిపోయినా ఇంట్లో పని ఆగకుండా చూసుకునే లెక్క. వెనకటికి అత్తగారు బీరువా తాళాలు కోడలి చేతికిచ్చిన రోజు ఇంట్లో ఓ పండగలా ఉండేదట. ఇప్పుడు చేతికివ్వాల్సింది ఇనప చెవి కాదు, పది అంకెలు. ఇంట్లో ప్రతి ఒక్కరికీ ఎవరి పది అంకెలు వాళ్లవి ఉంటే చాలు, గుత్తి మొత్తం ఒకరే మోయాల్సిన పనిలేదు.