గల్లాపెట్టె ముందు అలసట: చిన్న వ్యాపారికి వెనకడుగు ఎప్పుడు మేలు?

దేశంలో చిన్న వ్యాపారాలపై జరిగే చర్చ సాధారణంగా రుణాలు, పన్నులు, మార్కెట్ల చుట్టూ తిరుగుతుంది. ఆ వ్యాపారాన్ని నడిపే మనిషి ఓపిక గురించిన ప్రస్తావన అందులో అరుదు. కేంద్ర గణాంక మంత్రిత్వ శాఖ నిర్వహించిన అసంఘటిత రంగ సంస్థల వార్షిక సర్వే ప్రకారం, 2023 అక్టోబరు నుంచి 2024 సెప్టెంబరు వరకు వ్యవసాయం, నిర్మాణం మినహా మిగిలిన అసంఘటిత రంగంలో 7.34 కోట్ల సంస్థలు ఉండగా, వాటిలో పనిచేసేవారు 12.06 కోట్ల మంది. అంటే సగటున ఒక్కో సంస్థకు ఇద్దరు మనుషులు కూడా లేరు. సరుకు తెచ్చేది, లెక్క రాసేది, బాకీలు వసూలు చేసేది, షట్టరు దించేది చాలాచోట్ల ఒక్కరే. ఆ ఒక్కరు మంచం పడితే ఆనాటి బేరం ఆగిపోతుంది. అందువల్ల యజమాని అలసటను వ్యక్తిగత ఆరోగ్య సమస్యగా మాత్రమే చూడడం సరిపోదు. ఒక కుటుంబానికీ, ఒకరిద్దరు పనివారికీ జీవనాధారమైన సంస్థ ఎంతకాలం నిలుస్తుందన్న ప్రశ్న అందులో ఇమిడి ఉంది.

అలసట స్వరూపం

ప్రపంచ ఆరోగ్య సంస్థ తన అంతర్జాతీయ వ్యాధుల వర్గీకరణ 11వ కూర్పులో ‘బర్నౌట్‌’ను వృత్తి సంబంధమైన స్థితిగా చేర్చింది. ఈ కూర్పు 2022 జనవరి నుంచి అమలులోకి వచ్చింది. పనిచోట దీర్ఘకాలం కొనసాగిన ఒత్తిడిని అదుపు చేయలేకపోవడం వల్ల ఏర్పడే ఈ స్థితిని ఆ సంస్థ వ్యాధిగా పేర్కొనలేదు. శక్తి హరించుకుపోవడం, చేసే పనిపై విముఖత పెరగడం, తన పనితనంపై నమ్మకం సన్నగిల్లడం దీని మూడు లక్షణాలు.

ఈ లక్షణాలు చిన్న దుకాణంలోనో, చిన్న కార్ఖానాలోనో కనిపించే తీరు వేరు. పాత ఖాతాదారుపై అకారణంగా విసుక్కోవడం, బాకీల పుస్తకం తెరవడానికి వెనుకాడడం, సరుకు ధర సరిచూసుకోకుండా బేరం ఒప్పుకోవడం, పన్ను రిటర్నులను చివరి తేదీ దాటేవరకు వాయిదా వేయడం వంటివి మొదట బయటపడతాయి. చూసేవారికి ఇది అశ్రద్ధలా తోస్తుంది. యజమాని కూడా తనను తాను నిందించుకుని మరో రెండు గంటలు అదనంగా కూర్చుంటాడు. దానితో అలసట పెరుగుతుంది, పొరపాట్లూ పెరుగుతాయి.

ఎక్కువ గంటల పనికి శరీరం చెల్లించే మూల్యం కూడా తక్కువేమీ కాదు. వారానికి 35 నుంచి 40 గంటలు పనిచేసేవారితో పోలిస్తే 55 గంటలు, అంతకుమించి పనిచేసేవారికి పక్షవాతం ముప్పు 35 శాతం, గుండెకు రక్తప్రసరణ తగ్గే వ్యాధితో మరణించే ముప్పు 17 శాతం ఎక్కువని ప్రపంచ ఆరోగ్య సంస్థ, అంతర్జాతీయ కార్మిక సంస్థ 2021లో సంయుక్తంగా వెల్లడించాయి. ఉదయం ఏడు గంటలకు తెరిచి రాత్రి పదింటికి మూసే దుకాణదారు నాలుగో రోజుకే ఈ 55 గంటల హద్దు దాటుతాడు.

యజమానికి లేని సెలవు

భారత కార్మిక చట్టాలు పనివారి విశ్రాంతిని గుర్తించాయి. రాష్ట్రాల దుకాణాలు, సంస్థల చట్టాలు ఉద్యోగులకు వారపు సెలవును, పని గంటల పరిమితిని నిర్దేశించాయి. అయితే దుకాణం ఎన్నిరోజులు తెరవాలన్న విషయంలో ప్రభుత్వాల ఆలోచన క్రమంగా మారింది. 2016లో కేంద్రం రూపొందించిన నమూనా చట్టం, ఏడాదిలో అన్ని రోజులూ దుకాణాలు తెరిచే వెసులుబాటును సూచించింది. తెలంగాణ 2023లో రోజుకు 24 గంటలూ తెరిచి ఉంచేందుకు షరతులతో అనుమతించింది. పనివారికి వంతులవారీగా సెలవు ఇవ్వగల పెద్ద సంస్థలకు ఇది వరం. వంతు పంచుకునే మనిషి లేని చిన్న దుకాణదారుకు మాత్రం ఇది కొత్త పోటీ. ఎదుటి దుకాణం తెరిచి ఉండగా తాను మూస్తే ఖాతాదారు చేజారిపోతాడన్న భయం అతడిని వదలదు.

సామాజిక భద్రత విషయంలోనూ ఇదే పరిస్థితి. ఉద్యోగుల రాజ్య బీమా పథకం పరిధిలోని కార్మికుడు జబ్బుపడితే నగదు ప్రయోజనం పొందుతాడు. వర్తించే సంస్థల్లోని మహిళా ఉద్యోగికి 26 వారాల వరకు వేతనంతో కూడిన ప్రసూతి సెలవు లభిస్తుంది. సొంతంగా కుట్టు కేంద్రమో, పచ్చళ్ల తయారీయో నడిపే మహిళకు ఈ రెండూ వర్తించవు. పైన పేర్కొన్న సర్వే ప్రకారం ఏకవ్యక్తి యాజమాన్య సంస్థల్లో 26.2 శాతం మహిళలవే. 2024 కాల వినియోగ సర్వేలో, ఇంటిపని చేసే మహిళలు దానికి రోజుకు సగటున 289 నిమిషాలు, పురుషులు 88 నిమిషాలు వెచ్చిస్తున్నట్లు తేలింది. మహిళా వ్యాపారికి దుకాణం మూసిన తరువాత మొదలయ్యేది విశ్రాంతి కాదని ఈ లెక్క చెబుతోంది.

నిలిచిపోయిన డబ్బు

అలసటకు పని గంటలు ఒక్కటే కారణం కాదు. చేసిన పనికి రావలసిన డబ్బు రాకపోవడం అంతకంటే పెద్ద కారణం. 2006 నాటి సూక్ష్మ, చిన్న, మధ్యతరహా సంస్థల అభివృద్ధి చట్టం ప్రకారం సూక్ష్మ, చిన్న సంస్థల నుంచి సరుకు కొన్నవారు ఒప్పందం ఉంటే గరిష్ఠంగా 45 రోజుల్లో, ఒప్పందం లేకుంటే 15 రోజుల్లో చెల్లించాలి. గడువు మీరితే రిజర్వు బ్యాంకు ప్రకటించిన బ్యాంకు రేటుకు మూడు రెట్ల చొప్పున, నెలనెలా అసలులో కలిసే చక్రవడ్డీ ఇవ్వాలి. సకాలంలో చెల్లించని మొత్తాన్ని ఆ ఏడాది ఖర్చుగా చూపే వీలు లేకుండా ఆదాయపు పన్ను చట్టంలో చేర్చిన 43బి(హెచ్) నిబంధన 2024 ఏప్రిల్ నుంచి అమలులోకి వచ్చింది.

చట్టం బలంగానే ఉన్నా, దానిని ఉపయోగించుకోవడానికి చిన్న సరఫరాదారు సందేహిస్తాడు. ఫిర్యాదు చేస్తే తరువాతి ఆర్డరు రాదన్న భయమే ఇందుకు కారణం. పైగా చిల్లర, టోకు వర్తకులకు ఈ రక్షణ లేదు. 2021 జులైలో వారికి ఉద్యమ్ పోర్టల్‌లో నమోదయ్యే అవకాశం తిరిగి కల్పించినా, ప్రయోజనాన్ని ప్రాధాన్య రంగ రుణాలకే పరిమితం చేశారు.

ఈ జాప్యం లాభాన్ని ఎలా మింగుతుందో ఒక చిన్న లెక్కతో గ్రహించవచ్చు. ఒక తయారీదారు 8 శాతం లాభంతో పెద్ద కొనుగోలుదారుకు 10 లక్షల రూపాయల సరుకు ఇచ్చాడనుకుందాం. లాభం 80 వేలు. ఆ డబ్బు నాలుగు నెలలు రాక, వ్యాపారం నడపడానికి అంతే మొత్తాన్ని ఏడాదికి 18 శాతం వడ్డీకి తెస్తే వడ్డీ 60 వేలు. మిగిలేది 20 వేలు. అదే లాభశాతంతో 4 లక్షల సరుకు కొని వెంటనే రొక్కం ఇచ్చే చిన్న ఖాతాదారు వల్ల మిగిలేది 32 వేలు. పెద్ద ఆర్డరు కోసం రాత్రింబగళ్లు పనిచేసిన తయారీదారు, వాస్తవానికి తక్కువ మిగులు కోసం ఎక్కువ శ్రమపడ్డాడు. రోజువారీ పనుల ఒత్తిడిలో ఈ లెక్క వేసుకునే తీరిక అతడికి దొరకదు. వెనకడుగు అవసరం ఇక్కడే కనిపిస్తుంది.

వెనకడుగు అంటే ఏమిటి?

కొన్నాళ్లు దుకాణం మూసి ఊరికి వెళ్లిరావడం శరీరానికి మేలు చేస్తుంది. తిరిగి వచ్చేసరికి పాత బాకీలు, పాత పద్ధతులే ఎదురైతే ఆ మేలు వారం కూడా నిలవదు. అందువల్ల విరామాన్ని వ్యాపార పునఃసమీక్షకు వినియోగించుకోవాలి. ఏ సరుకు వేగంగా కదులుతోంది, ఏది అలమరలో పెట్టుబడిని బంధించింది, ఏ ఖాతాదారు ఎన్ని రోజులకు చెల్లిస్తున్నాడు, ఏ పనిని మరొకరికి అప్పగించవచ్చు అన్న ప్రశ్నలకు కాగితంపై జవాబులు రాసుకోవాలి. కొన్ని సరుకులు మానుకోవడం, అరువుకు హద్దు పెట్టడం, తెరిచే వేళలను కుదించడం, ఇంట్లో మరొకరికి లెక్కలు నేర్పడం వంటి నిర్ణయాలు ఈ సమీక్ష నుంచే రావాలి.

ఇలాంటి విరామానికి భారతీయ వ్యాపార సంప్రదాయంలో చోటు లేకపోలేదు. దీపావళికి పాత ఖాతాలు ముగించి కొత్త పుస్తకాలు తెరిచే ఆచారం దేశంలో అనేక ప్రాంతాల్లో ఉంది. తెలుగువారితో సహా పలు రాష్ట్రాల కార్మికులు పనిచేసే సూరత్‌లో, దీపావళి తరువాత వజ్రాల, వస్త్ర పరిశ్రమలు కొన్నాళ్లు సెలవు పాటిస్తాయి. తెలుగు ప్రాంతాల్లో పెళ్లిళ్లపై ఆధారపడిన దర్జీలు, నగల పనివారు, షామియానా, వంట సామగ్రి అద్దెకిచ్చేవారికి మూఢాలు, శూన్యమాసాలు గిరాకీ తగ్గే రోజులు. ఆ రోజులను దిగులుతో గడపడానికి బదులు, సమీక్షకు ముందుగానే కేటాయించుకుంటే ఆదాయానికి పెద్దగా నష్టం లేకుండానే విరామం దక్కుతుంది.

చట్టబద్ధంగా పనిభారం తగ్గించుకునే మార్గాలూ కొన్ని ఉన్నాయి. వార్షిక టర్నోవరు 5 కోట్ల రూపాయల వరకు ఉన్నవారు జీఎస్టీ రిటర్నులను మూడు నెలలకోసారి దాఖలు చేసే విధానాన్ని ఎంచుకోవచ్చు. సరుకుల వ్యాపారులు, తయారీదారులు సాధారణంగా కోటిన్నర రూపాయల టర్నోవరు వరకు కాంపొజిషన్ పథకంలో చేరవచ్చు. ఇందులో కాగితాల పని తగ్గుతుంది. కానీ కొన్న సరుకుపై కట్టిన పన్నును మినహాయించుకునే వీలుండదు, ఇతర రాష్ట్రాలకు సరుకు అమ్మడం కుదరదు. పన్ను మినహాయింపు కోరే సంస్థలే ప్రధాన ఖాతాదారులైతే ఈ పథకం నష్టం తెస్తుంది. వీధి జనానికి నేరుగా అమ్మేవారికి ఉపయోగపడుతుంది. ఎవరికి ఏది నప్పుతుందో తేల్చుకోవడం కూడా పునఃసమీక్షలో భాగమే.

అందరికీ అందని విరామం

విరామం గురించి మాట్లాడేటప్పుడు ఒక జాగ్రత్త అవసరం. తానుగా ఎంచుకున్న విరామం వేరు, నెత్తిన పడిన విరామం వేరు. 2017లో మొదలైన బతుకమ్మ చీరల ఆర్డర్లకు అలవాటుపడిన సిరిసిల్లలో, 2024 ఆరంభంలో ఆర్డర్లు కరవై మరమగ్గాలు ఆగాయి. ఆ నిశ్శబ్దంలో విశ్రాంతి లేదు. రోజు రాబడితోనే రోజు గడిచే తోపుడుబండి వ్యాపారికి వారం రోజుల సెలవు తీసుకోమని చెప్పడం సలహా అనిపించుకోదు. యజమాని దుకాణం మూస్తే దినకూలీపై పనిచేసే సహాయకుడి వేతనం ఏమవుతుందన్నది కూడా ఆలోచించవలసిన అంశం.

ప్రభుత్వ విధానాల దృష్టి ప్రధానంగా ఎదుగుదల మీదనే ఉంది. 2025 ఏప్రిల్ 1 నుంచి సూక్ష్మ సంస్థ నిర్వచనాన్ని రెండున్నర కోట్ల పెట్టుబడి, 10 కోట్ల టర్నోవరు వరకు పెంచడంలో ఉద్దేశం, పరిమితి దాటితే ప్రయోజనాలు పోతాయన్న భయం లేకుండా సంస్థలు విస్తరించాలన్నదే. ఆ లక్ష్యం సమంజసమైనదే. దానితోపాటు, కొంతకాలం తగ్గి నిలదొక్కుకోవాలనుకునే సంస్థకు చేయూతనిచ్చే ఏర్పాట్లూ కావాలి. గిరాకీ తగ్గే నెలల్లో కిస్తీ తగ్గే రుణాలు, బకాయిల రక్షణను వర్తకులకూ విస్తరించడం, స్వయం ఉపాధి పొందేవారికి జబ్బుకాలపు బీమా వంటివి పరిశీలించదగినవి. మార్కెట్ సంఘాలు వీధి మొత్తానికి ఒకే వారపు సెలవు పాటిస్తే, పక్కవాడు తెరిచాడన్న భయం కొంతైనా తగ్గుతుంది. దీనికి ప్రభుత్వ ఉత్తర్వు కూడా అవసరం లేదు.

అలసట నిద్రలేమిగా, నిరాశగా మారినప్పుడు వ్యాపార సలహా చాలదు. జాతీయ నేర రికార్డుల బ్యూరో నివేదిక ప్రకారం 2022లో దేశంలో 1,70,924 మంది ఆత్మహత్యకు పాల్పడగా, వారిలో పదో వంతుకు మించి స్వయం ఉపాధిపై ఆధారపడినవారు. ఇలాంటి విషాదాలకు ఒకే కారణం ఉండదు. కానీ సకాలంలో మాట్లాడే మనిషి దొరకడం ప్రాణాన్ని నిలబెట్టగలదు. కేంద్రం 2022 అక్టోబరులో ప్రారంభించిన టెలి-మానస్ సహాయ కేంద్రం 14416 నంబరులో తెలుగు సహా పలు భాషల్లో ఉచితంగా, అన్ని వేళలా అందుబాటులో ఉంది.

చిన్న వ్యాపారి సరుకు నిల్వను, గల్లాలోని రొక్కాన్ని రోజూ లెక్కచూసుకుంటాడు. తన ఓపికను కూడా ఆ లెక్కలో చేర్చుకున్ననాడు, ఏ ఆర్డరు వదులుకోవాలో, ఏ రోజు షట్టరు దించాలో నిర్ణయించడం అతడికి సులువవుతుంది. చేసిన పనికి సకాలంలో డబ్బు అందేలా చూడడం కొనుగోలుదారుల, ప్రభుత్వాల వంతు. ఆ డబ్బు అందనంతకాలం వెనకడుగు వేసే స్తోమత కొద్దిమందికే ఉంటుంది.